చచ్చిన టర్ను వేరు, ఓడిన టర్ను వేరు

నెట్‌హ్యాక్ అనే పాత కంప్యూటర్ గేమ్‌లో కొత్తవాళ్ల ప్రాణం తీసే జీవుల్లో ఒకటి అసలు తనంతట తాను ఎవరి మీదా దాడి చెయ్యదు. దాని పేరు ఫ్లోటింగ్ ఐ. స్క్రీన్ మీద నీలం రంగులో ఇంగ్లిష్ చిన్న ‘ఈ’ అక్షరంలా కనిపిస్తుంది. మన వేగం 12 అయితే దాని వేగం 1. అంటే మనం పన్నెండు అడుగులు వేసేలోపు అది ఒక్కటి వేస్తుంది. పక్కనుంచి వెళ్లిపోతే ఏమీ కాదు. కానీ కదలకుండా పడి ఉంది కదా, ఉత్తపుణ్యానికి నాలుగు పాయింట్లు వస్తాయి కదా అని కత్తితో ఒక్కటి వేశామా, చాలాసార్లు దాని చూపు తగిలి ఒళ్లు బిగుసుకుపోతుంది. ఒక్కోసారి వంద టర్నులకు పైగా అలాగే ఉండిపోతాం. ఆ లోపు దారిన పోయే ఎలుక కూడా తీరిగ్గా కొరుక్కు తినేస్తుంది.

అదే ఆటని ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లకి ఫ్లోటింగ్ ఐ కనిపిస్తే పండగ. దూరం నుంచి బాకులు విసిరి చంపుతారు. ఆ శవాన్ని తింటే టెలిపతీ వస్తుంది. ఇక కళ్లకు గంతలు కట్టుకుంటే చాలు, ఆ లెవెల్‌లో బుద్ధి ఉన్న జీవులన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో స్క్రీన్ మీద కనిపిస్తాయి.

ఒకే జీవి ఒకరికి చావు, ఇంకొకరికి వరం. ఈ ఇద్దరి మధ్య తేడా వేళ్ల వేగంలో లేదు. క్యారెక్టర్ బలంలోనూ లేదు, ఇద్దరూ ఆడుతున్నది మొదటి లెవెల్‌లో ఉన్న వాల్కిరీ అనే యోధురాలి పాత్రే కావచ్చు. ఇలా డన్జన్‌లో, అంటే నేలకింది చిక్కుదారుల్లో, తిరిగే గేములు ఎందుకంత కష్టం అని అడిగితే సాధారణంగా మూడు జవాబులు వస్తాయి: అంతా అదృష్టం, అంతా బట్టీ, అంతా ఓపిక. మూడింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ మూడూ కలిపినా అసలు విషయం బయటపడదు. ఈ గేముల్లో మన క్యారెక్టర్ చచ్చిపోయే టర్ను, మనం నిజంగా ఆట పోగొట్టుకున్న టర్ను దాదాపు ఎప్పుడూ ఒకటి కావు. రెండింటి మధ్య ఇరవై టర్నులు ఉండొచ్చు, రెండు వేల టర్నులూ ఉండొచ్చు. కష్టమంతా ఆ సందులోనే ఉంది.

ఎక్కడినుంచి వచ్చింది ఈ పద్ధతి

ఈ గేములకు రెండు పాత వేళ్లున్నాయి. ఒకటి రోగ్. మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ 1980 ప్రాంతంలో యూనిక్స్ మెషిన్ల కోసం దీన్ని రాశారు, తర్వాత కెన్ ఆర్నాల్డ్ వాళ్లతో కలిశాడు. బొమ్మల్లేవు, అన్నీ కీబోర్డ్ అక్షరాలే. ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో పెద్దక్షరం ఒక్కో మాన్‌స్టర్. ప్రతి ఆటకీ డన్జన్ కొత్తగా పుట్టేది. సేవ్ చేసిన ఆటని మళ్లీ తెరిస్తే ఆ సేవ్ ఫైల్ పోయేది, కాబట్టి చావుకి తిరుగులేదు. 1987లో వచ్చిన నెట్‌హ్యాక్ ఈ వంశందే.

రెండోది విజార్డ్రీ. 1981లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చింది, రాసినవాళ్లు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్. ఇక్కడ ఒక్కడు కాదు, ఆరుగురి పార్టీ. గోడల మధ్య నడుస్తున్నట్టు ఎదురుగా చూపించే దృశ్యం. పది అంతస్తులు, ఒక్కోటి 20 గడులు పొడవు, 20 గడులు వెడల్పు. డన్జన్ మారదు, కానీ మ్యాప్ గేమ్ ఇవ్వదు. గ్రాఫ్ పేపర్ తెచ్చుకుని మనమే గీసుకోవాలి. అలా గీసుకుంటున్నవాణ్ణి తికమక పెట్టడానికే చీకటి గదులు, తెలియకుండా దిక్కు మార్చేసే గడులు, ఇంకోచోటికి విసిరేసే గడులు పెట్టారు.

తర్వాత వచ్చిన గేములు చాలావరకు ఈ రెండింటి బిడ్డలో మనవలో. 1987 నాటి డన్జన్ మాస్టర్ విజార్డ్రీ దృశ్యాన్ని తీసుకుని టర్నులు తీసేసింది, మనం ఆలోచిస్తూ కూర్చున్నా మాన్‌స్టర్ ఆగదు. డయాబ్లో మొదట టర్నుల గేమ్‌గానే తయారవడం మొదలై, మధ్యలో రియల్ టైమ్‌కి మారింది. అవి వేరే రకం నైపుణ్యాన్ని అడుగుతాయి కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోను. టర్నుల్లో ఆడే గేముల్లో ఒక విచిత్రం ఉంది: ప్రతి అడుగుకి ముందు గంటసేపు ఆలోచించుకోవచ్చు, ఎవరూ తొందరపెట్టరు. అయినా చచ్చిపోతాం.

తిరుగు ప్రయాణం లెక్క

విజార్డ్రీలో మొదటి లెవెల్ మంత్రగాడికి మంత్రాలు రెండుసార్లే వెయ్యడానికి ఉంటాయి. అందులో కాటినో అనే నిద్ర మంత్రం ఒకటుంది, ఒక గుంపు మొత్తాన్ని పడుకోబెడుతుంది. బలహీనమైన పార్టీకి అదే ప్రాణం. అంటే పార్టీ దగ్గర రెండు ‘కాటినో’లు ఉన్నట్టు. అవి అయిపోయాక ఊళ్లోకి తిరిగెళ్లి సత్రంలో పడుకుంటే తప్ప రావు.

కొత్తవాళ్లు ఏం చేస్తారు? రెండూ వాడి రెండు గుంపుల్ని గెలుస్తారు. పార్టీలో అందరూ బతికే ఉన్నారు, కొంత బంగారం దొరికింది, ఇంకో తలుపు కనిపిస్తోంది. ఆ తలుపు తెరవకుండా వెనక్కి తిరిగినా అప్పటికే ఆలస్యమై ఉండొచ్చు. ఎందుకంటే వెళ్లేటప్పుడు ఎదురైన ప్రమాదమే వచ్చేటప్పుడూ ఎదురవుతుంది, కానీ ఎదుర్కొనే పార్టీ ఇప్పుడు అది కాదు. ఇద్దరికి దెబ్బలున్నాయి, మంత్రాల్లేవు. ఉన్నదాంట్లో సగం పోవడానికి, సగం రావడానికి అని పంచుకున్నా లెక్క తప్పుతుంది. వచ్చే దారికి ఎక్కువ ఉంచుకోవాలి. రెండో కాటినో వాడేసిన క్షణం దగ్గరే చాలా పార్టీలు ఓడిపోతాయి. చచ్చేది మాత్రం మెట్లకు పది గడుల దూరంలో, ‘అయ్యో, దాదాపు వచ్చేశాం’ అనుకునేచోట.

శిక్ష కూడా అలాగే ఉంటుంది. పార్టీ మొత్తం పోతే శవాలు డన్జన్‌లోనే ఉండిపోతాయి, ఇంకో పార్టీని తయారుచేసుకుని వెళ్లి మోసుకురావాలి. గుడిలో డబ్బు కట్టి బతికించమంటే అది ఫలించకపోవచ్చు. శవం కాస్తా బూడిదవుతుంది. బూడిద నుంచి లేపబోతే అదీ విఫలమవచ్చు, అప్పుడు ఆ పేరు జాబితాలోంచే పోతుంది. మాలోర్ అనే మంత్రంతో కోరుకున్న గడికి ఎగరొచ్చు, కానీ మ్యాప్ తప్పుగా గీసుకుని రాతి లోపలికి ఎగిరితే ఆరుగురూ ఒక్కసారే గల్లంతు. ఆ చావుకి కారణం వారం కిందట గ్రాఫ్ పేపర్ మీద ఒక గడి పక్కకు గీసిన గీత కావచ్చు.

రోగ్ ఇదే ఒత్తిడిని ఆకలితో తెచ్చింది. మన ఒంటి దెబ్బలు టర్నులు గడిస్తే వాటంతటవే మానతాయి. అలాంటప్పుడు ప్రతి పోరాటం తర్వాత మూలన కూర్చుని నయం చేసుకోవచ్చు కదా? చేసుకోవచ్చు, తిండి ఉన్నంత వరకు. తిండి దొరకాలంటే కిందికి దిగాలి, కిందికి దిగితే ఇంకా గట్టి మాన్‌స్టర్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డార్కెస్ట్ డన్జన్ 2016లో దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ఒంటి దెబ్బలతో పాటు ప్రతి వీరుడికీ స్ట్రెస్ పెరుగుతుంటుంది. అది 100కి చేరితే ఎక్కువసార్లు మనిషి గాడి తప్పుతాడు: తోటివాళ్లని తిడతాడు, చెప్పిన మాట వినడు, వాడి మాటలకి మిగతావాళ్ల టెన్షన్ పెరుగుతుంది. 200 తాకితే గుండెపోటు. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, మధ్యలో వదిలేసి వెనక్కి రావడాన్ని గేమ్ మామూలు ఎత్తుగా చూస్తుంది. దొరికిన సొమ్ము దక్కుతుంది, కాస్త స్ట్రెస్ పడుతుంది, అంతే. అయినా ఆ బటన్ నొక్కడానికి మనసొప్పదు చూడండి, అదీ తమాషా.

చీమతో లెక్క

ఒక పోరాటాన్ని దగ్గరగా చూద్దాం. నెట్‌హ్యాక్‌లో సోల్జర్ యాంట్ అనే చీమ ఉంది. పేరు చూసి చిన్నచూపు చూడకండి, పాత ఆటగాళ్లు డ్రాగన్ల కన్నా దీని గురించే ఎక్కువ తిట్టుకుంటారు. దాని వేగం 18. ఒక్క ఎత్తులో రెండు దెబ్బలు వేస్తుంది. కొరికితే నాలుగు ముఖాల పాచికలు రెండు, కుడితే అవే పాచికలు మూడు. రెండూ తగిలితే సగటున 12.5 హిట్ పాయింట్లు (మన ప్రాణబలాన్ని చెప్పే అంకె) పోతాయి, గరిష్ఠంగా 20. మన వేగం 12 కాబట్టి మనం రెండు ఎత్తులు వేసేలోపు అది మూడు వేస్తుంది. అంటే కొన్ని టర్నుల్లో అది రెండుసార్లు కొడుతుంది, ఆ ఒక్క టర్నులో పోగలిగినవి 40 పాయింట్లు.

మన దగ్గర 35 పాయింట్లు ఉన్నాయనుకుందాం, అన్నీ నిండుగా. కొత్త ఆటగాడి ఆలోచన ఇలా సాగుతుంది: ‘ఒక రెండు దెబ్బలు వేసి చూద్దాం. బాగా తగ్గితే దేవుడికి మొక్కుకుందాం.’ నెట్‌హ్యాక్‌లో ప్రార్థన నిజంగానే పనిచేస్తుంది. హిట్ పాయింట్లు 5 లేక అంతకన్నా తక్కువకు పడినా, పూర్తి బలంలో ఏడో వంతు కన్నా తగ్గినా, ఈమధ్య ప్రార్థన చెయ్యకుండా ఉంటే, దేవుడు పూర్తిగా నయం చేస్తాడు. రెండు ప్రార్థనల మధ్య సుమారు 1000 టర్నులు ఆగితే భయం లేదు.

కానీ ఆ కిటికీ ఎంత సన్నగా ఉందో చూడండి. 35 బలం ఉన్నవాడికి ప్రార్థన పనిచేసేది 1 నుంచి 5 మధ్యలో ఉన్నప్పుడే. చీమ ఒక ఎత్తులో 12 తీసేస్తోంది. 13 దగ్గర ఉన్నవాడు తర్వాతి టర్నుకి సరిగ్గా ఆ ఐదు అంకెల మధ్యలో వాలతాడన్న నమ్మకమేమీ లేదు. అది ఒక్కసారే కొట్టినా, రెండు దెబ్బలూ తగిలితే సగం సార్లు 13 మీద నుంచి నేరుగా సున్నాకో దాని కిందికో పోతాం. పారిపోదామంటే దాని వేగం మన కన్నా ఎక్కువ, వెనక్కి తిరిగిన ప్రతి అడుగూ దానికి ఉచితంగా ఇచ్చిన దెబ్బ. కాబట్టి 13 దగ్గర ఆలోచించడానికి ఏమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. 35 దగ్గర, చీమ ఇంకా నాలుగు గడుల దూరంలో ఉన్నప్పుడు మాత్రం బోలెడు దారులున్నాయి. మెట్ల మీదికి వెళ్లి నిలబడొచ్చు. గుంపుగా వస్తుంటే సన్నటి దారిలోకి జరగొచ్చు. ఆరుబయట మన చుట్టూ ఎనిమిది గడులు, ఎనిమిది చీమలు ఒకేసారి కుట్టగలవు. సన్నటి దారిలో ఎదురుగా ఒక్కటే వస్తుంది. తలుపు గడపలో నిలబడ్డా దాదాపు అంతే, ఎందుకంటే నెట్‌హ్యాక్‌లో గడప దగ్గర మూలగా కదలడం కుదరదు. లేదా పెంపుడు కుక్కని ముందుకు పంపొచ్చు.

అనుభవం ఉన్నవాళ్లు సగటు లెక్కలు వెయ్యరు. వచ్చే రెండు టర్నుల్లో అత్యంత దరిద్రంగా జరిగితే ఎంత పోతుంది అని చూస్తారు. ఆ అంకె తమ దగ్గరున్నదాన్ని దాటుతోందంటే పోరాటం అప్పుడే ఆపేస్తారు, బలం నిండుగా కనిపిస్తున్నా సరే. చూసేవాళ్లకి పిరికితనంలా ఉంటుంది.

తెలియనితనాన్ని ఎప్పుడు వదిలించుకోవాలి

ఈ గేముల్లో తెలుసుకోవలసింది రెండు రకాలు. వీటిని కలిపేసి చూడడం వల్లే ‘అంతా బట్టీ’ అనే మాట పుట్టింది. మొదటి రకం, ఎప్పటికీ మారని నియమాలు: ఫ్లోటింగ్ ఐని చేత్తో కొట్టకూడదు, కాకట్రిస్ అనే జీవి శవాన్ని గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే రాయైపోతాం. ఇవి ఒకసారి తెలిస్తే తర్వాతి వంద ఆటలకీ పనికొస్తాయి. రెండో రకం, ఈ ఆటకి మాత్రమే సంబంధించినవి: ఎర్ర సీసాలో ఏముంది, ఈ వింత పేరున్న స్క్రోల్ (మంత్రం రాసిన చుట్ట) చదివితే ఏమవుతుంది. ప్రతి ఆటకీ రంగులూ పేర్లూ కలిపేసి మళ్లీ పంచుతారు కాబట్టి బట్టీ ఇక్కడ పనిచెయ్యదు. పనిచేసేది ఆరా తీసే పద్ధతి.

ఆ పద్ధతులు భలే ఉంటాయి. దుకాణంలో స్క్రోల్ ధర అడిగి, దాని అసలు ధర 20 అని తేల్చుకోగలిగితే అది వస్తువుల గుట్టు చెప్పే స్క్రోలే, ఆ ధరకి ఇంకోటి లేదు. 60 అయితే ఆయుధాన్ని మెరుగుపరిచేది. బలిపీఠం మీద వస్తువు పడేస్తే శాపం ఉన్నదానికి నల్లటి మెరుపు, దీవెన ఉన్నదానికి పసుపురంగు మెరుపు వస్తుంది. దగ్గర బలిపీఠం లేకపోతే పెంపుడు జంతువుని గమనించాలి, శాపం ఉన్న వస్తువు మీద అడుగు వెయ్యడానికి అది మొరాయిస్తుంది. తెలియని మంత్రదండంతో నేల మీద ఏదైనా రాసి చూస్తే, తవ్వే దండమైతే కంకర ఎగిరి దాని గుట్టు అక్కడే బయటపడుతుంది.

వీటిలో ప్రతిదానికీ కొంత ఖర్చు, కొంత ప్రమాదం. మెరుపు దండంతో రాస్తే కాసేపు కళ్లు కనిపించవు. ఒంట్లో బలం నిండుగా ఉండి, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు కళ్లు పోతే పెద్ద నష్టమేమీ లేదు, కూర్చుంటే వచ్చేస్తాయి. అదే పరీక్షని పీకల మీదికి వచ్చాక చేస్తే చావే. చాలామంది సరిగ్గా తలకిందులుగా చేస్తారు. తెలియని సీసాలు సంచిలో దాచుకుంటూ పోతారు, ప్రాణం పోయే టర్నులో ఒకటి తీసి తాగుతారు. అందులో నిద్రమందు ఉంటే గేమ్‌ని తిడతారు. ఆ సీసా గురించి తెలుసుకోవలసిన రోజు అది కాదు. అవసరం లేనప్పుడే దాన్ని తేల్చేసి ఉండాలి.

మరి అదృష్టం సంగతి?

అదృష్టం ఉంది. ఏం చేసినా తప్పని చావులు కొన్ని ఉంటాయి, ముఖ్యంగా మొదటి కొన్ని వందల టర్నుల్లో, చేతిలో ఏ ఉపాయమూ లేనప్పుడు. కానీ పబ్లిక్ సర్వర్లలో నెట్‌హ్యాక్‌ని వరుసగా పది, ఇరవై సార్లకు మించి గెలిచినవాళ్లు ఉన్నారు. ప్రతిసారీ కొత్త డన్జన్, కొత్త వస్తువులు. పాచికలే అన్నీ నిర్ణయిస్తే ఈ వరుసలు సాధ్యం కావు. వాళ్లకి పాచికలు బాగా పడ్డాయని కాదు. ఒక్క చెడ్డ పాచిక మీద ప్రాణం ఆధారపడే పరిస్థితి రాకుండా చూసుకున్నారు, వచ్చినా తప్పించుకునే దారి రెండోది, మూడోది సిద్ధంగా ఉంచుకున్నారు.

అలాగని ఈ గేములన్నీ న్యాయంగానే ఉంటాయని అనను. నెట్‌హ్యాక్ మీద నా ఫిర్యాదు ఒకటుంది. ఫ్లోటింగ్ ఐ గుట్టు, గేమ్‌లోని వివరణ కమాండ్‌తో మనంతట మనం అడిగితే తప్ప, మొదటిసారి ఊహించడం కష్టం. ముందే ఎక్కడో చదివినవాడు బతుకుతాడు, చదవనివాడు చస్తాడు. అది తెలివికి పరీక్ష కాదు. నియమాల్ని చచ్చి నేర్చుకోవడం మొదటి కొన్నిసార్లు సరదాగా ఉంటుంది, ముప్పై గంటలు కష్టపడి ఆడిన ఆట ఎప్పుడూ వినని నియమంతో పోయినప్పుడు ఉండదు.

ఈ విషయంలో డన్జన్ క్రాల్ స్టోన్ సూప్ నాకు ఎక్కువ నచ్చుతుంది. లిన్లీ హెన్జెల్ 1990లలో మొదలుపెట్టిన గేమ్‌ని 2006 నుంచి వాలంటీర్లు ఈ పేరుతో నడిపిస్తున్నారు. మాన్‌స్టర్ మీద కర్సర్ పెట్టి వివరం అడిగితే అది మనల్ని ఎంత శాతం అవకాశంతో కొట్టగలదో, గరిష్ఠంగా ఎంత దెబ్బ వెయ్యగలదో అదే చెప్పేస్తుంది. పైన చీమతో చేసిన లెక్కకి కావలసిన అంకెలన్నీ స్క్రీన్ మీదే ఉంటాయి. ఇంగ్లిష్ ‘ఓ’ కీ నొక్కితే క్యారెక్టర్ తనే తిరుగుతూ లెవెల్ అంతా చూసేస్తుంది, ప్రమాదం కనిపించగానే ఆగుతుంది. నిజమైన నిర్ణయం లేని పనిని తీసేయడం వాళ్ల పద్ధతి. 2021లో వచ్చిన 0.26 వెర్షన్‌లో ఆకలిని కూడా తీసేశారు, దాని మీద పాత ఆటగాళ్లు కొందరు గొడవ పెట్టుకున్నారనుకోండి, అది వేరే కథ. ఇంత సాయం చేసినా స్టోన్ సూప్ తేలిక కాలేదు. మొదటి లెవెల్స్‌లోనే కొడవలి పట్టుకుని సిగ్మండ్ అనేవాడు వస్తాడు. మనల్ని తికమక పెట్టే మంత్రం వేస్తాడు, కనిపించకుండా మాయమవుతాడు. అంకెలన్నీ ఎదురుగా పెట్టుకుని కూడా వాడి చేతిలో చచ్చేవాళ్లు లెక్కలేనంతమంది. దాడి కోసం ట్యాబ్ కీ నొక్కుతూ పోవడం అంత సులువు మరి, ఆగి చూడడమే కష్టం.

ఈ రకం గేముల్లోకి కొత్తగా దిగేవాళ్లు స్టోన్ సూప్‌తో మొదలుపెట్టడం మంచిది, అది ఉచితం కూడా. నెట్‌హ్యాక్ కూడా ఉచితమే. దాన్నే మొదట ఆడాలని పంతం ఉంటే 13 పాత్రల్లో వాల్కిరీని తీసుకోండి, బలహీనమైన టూరిస్ట్ పాత్ర జోలికి పోకండి. విజార్డ్రీ తరహా కావాలనిపిస్తే 2012 నాటి లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్ ఉంది, అయితే అది రియల్ టైమ్. అందులో మ్యాప్ దానంతటదే గీసుకుపోవడం అక్కర్లేదనుకుంటే ఆ సౌకర్యాన్ని ఆపేసి కాగితం మీద గీసుకోవచ్చు.

ఏది ఆడినా చచ్చాక వెంటనే కొత్త ఆట మొదలుపెట్టకండి. నెట్‌హ్యాక్ చావు తర్వాత మీ వస్తువుల గుట్టు చెప్పమంటారా అని అడుగుతుంది. చెప్పమనండి. స్టోన్ సూప్ అయితే చావు వివరాలన్నీ ఒక ఫైల్‌లో రాసి పెడుతుంది: సంచిలో ఏమున్నాయి, చివరి మెసేజ్‌లు ఏమిటి, ఏ లెవెల్‌లో ఎప్పుడు ఏం జరిగింది. ముందు సంచి చూడండి. తవ్వే దండమో, టెలిపోర్ట్ స్క్రోలో, నయం చేసే మందు సీసానో వాడకుండా మిగిలిపోయి ఉండడం ఎంత మామూలో తెలుస్తుంది. తర్వాత మెసేజ్‌లను కింది నుంచి పైకి చదవండి. హిట్ పాయింట్లు సగానికి పైగా ఉండి, మాన్‌స్టర్ అప్పటికే కనిపిస్తున్న చివరి చోటు దగ్గర ఆగండి. ఆ చోట మీ సంచిలో ఉన్నవాటితో ఏమేం చెయ్యగలిగేవారో రాసుకోండి. మొదట్లో రెండు మూడే తడతాయి. ఆట అలవాటయ్యేకొద్దీ అదే చోట ఏడెనిమిది దారులు కనిపిస్తాయి, వాటిలో సగం ఆ మాన్‌స్టర్‌ని అసలు ముట్టుకోకుండా వెళ్లిపోయేవే అయి ఉంటాయి.